వంకాయ రంగు వైరు

కరకంబాడి రోడ్డులో మా షెడ్లు రెండూ ఒకే రేకుల కప్పు కింద ఉండేవి. మధ్యలో గోడ లేదు, పాత టార్పాలిన్ పట్ట ఒకటి వేలాడేది. పట్టకు ఇవతల గేరుబాక్సులు విప్పే నేను, అవతల బండ్ల కరెంటు పని చేసే ధనంజయ. తిరుపతిలో మెకానిక్కులకు కొదవ లేదు. అయినా నాలుగు చక్రాలూ లాగే జీపులో ఏదో దీపం అకారణంగా వెలుగుతోందంటే, చిత్తూరు నుంచి గూడూరు దాకా డ్రైవర్లు వచ్చి ఆగేది ఆ పట్టకు అవతలే. చాలాకాలం ఆ సంగతి నాకు గిట్టలేదు. గేరుబాక్సు దించేది నేను, నడుము విరిగేది నాది, పేరు మాత్రం అతనిది.

నా పేరు బాలచంద్ర. నోటి తీట ఉన్న మనిషినని ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఆ నోరు చేసిన పాపం కూడా ఉంది కాబట్టి దాచడం దండగ.

ధనంజయ షెడ్డు పెట్టింది తొంభై రెండులో. చంద్రగిరి పక్కన పల్లె, కాస్త సేద్యం ఉన్న కుటుంబం. రైల్వే ఉద్యోగానికి అన్ని పరీక్షలూ గట్టెక్కి ఆఖర్న పోయిందట. ఎందుకు పోయిందని అడిగితే "సిఫారసు లేదన్నా" అని ఊరుకునేవాడు. పది ప్రశ్నలకు ఒక జవాబు చెప్పే రకం. పనిలో నత్త. ఒక్క జీపు వైరింగు మూడు రోజులు చేసేవాడు. మీటరు ముల్లు ఒకటి ఈ కొసన, ఇంకోటి ఆ కొసన పెట్టి, ఒక్కొక్క వైరూ కొలిచి, దానికి చిన్న కాగితం ముక్క చుట్టి అంకె రాసుకునేవాడు.

"ఎర్ర వైరును ఎర్ర వైరుకు కలిపేదానికి మీటరు ఎందుకప్పా" అని ఒకసారి అడిగాను.

"నమ్మకం కోసమన్నా" అన్నాడు.

అతనికి పని రాదని నాలుగు నెలల పాటు నలుగురికీ చెప్పాను. తర్వాత నాలిక కరుచుకోవలసి వచ్చింది.

ఆ పని ఏమిటో తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. జీపుల్లో గేరుబాక్సు వెనక ఇంకో ఇనుప పెట్టె ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ బాక్సు అంటాం. ఇంజను బలం వెనక చక్రాలకే పోవాలా, ముందు చక్రాలకూ పోవాలా అన్నది తేల్చేది అదే. పాత జీపుల్లో లివరు లాగితే పడేది, పడకపోతే ఒక తన్ను తంతే పడేది. రెండు వేలు దాటాక వచ్చిన కొన్ని బండ్లలో లివరు పోయి బటన్ వచ్చింది. బటన్ నొక్కితే పెట్టె మీదున్న చిన్న మోటారు తిరుగుతుంది. అది ఎంత తిరిగిందో ఒక సెన్సర్ కనిపెట్టి, డ్యాష్‌బోర్డు వెనకున్న కంట్రోలు డబ్బాకు వైర్ల మీద కబురు పంపుతుంది. కబురు తేడాగా వస్తే డబ్బా పని ఆపేస్తుంది, డ్రైవరు ముందు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అది చూడగానే ఊళ్ళో అందరూ చేసేది ఒకటే, సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది బిగించడం.

ధనంజయ అట్లా చేసేవాడు కాదు. "సెన్సర్ మీద నింద కడాకు వెయ్యాలన్నా. ముందు ఎర్తు సూడాల. ఆ తర్వాత కనెక్టరు, ఆ తర్వాత వైరు. అన్నీ బాగుండాయని తేలినాకనే దాని మీద చెయ్యి వెయ్యాల" అనేవాడు. సూళ్లూరుపేట నుంచి ఒక కాంట్రాక్టరు బండి వచ్చింది. అప్పటికే మూడు సెన్సర్లు మార్చుకుని, ఎక్కడా బాగుకాక వచ్చింది. ధనంజయ పొద్దున్నుంచీ దాని చుట్టూ తిరిగి, ఛాసిస్ మీద ఎర్తు వైరు బిగించిన బోల్టు ఒకటి విప్పి, దాని కింద తుప్పును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాడు. దీపం ఆరిపోయింది. ఆ డ్రైవరు మొహం చూడాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

తొంభై నాలుగులో అతని భార్య జ్ఞానాంబ షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. వాళ్ళకు పుట్టిన బిడ్డ ఒక్క రోజే బతికిందని మా ఇంట్లో నాగరత్నమ్మ చెప్పింది. అంతకుమించి నేను అడగలేదు, మగవాళ్ళం అడగం కదా. ఒక చేతిలో పీట, ఇంకో చేతిలో కూరగాయల బుట్టతో పది గంటలకు వచ్చేది. బండి కింద నిలబడి పని చేయడానికి షెడ్డులో గుంత తవ్వుకుని ఉంటాం. ఆ గుంత గట్టున పీట వేసుకుని కూర్చుని, కూర తరుక్కుంటూ ఉండేది. గుంతలోంచి అతని చెయ్యి పైకి వచ్చేది, ఆ చేతిలో వైరు కొస.

"ఇది?"

"గుమ్మడి."

"ఇది?"

"చింతాకు. లేతది."

"ఇంకోటి?"

"వంకాయ."

పట్టకు ఇవతల నాకు ఇదే వినబడేది. మధ్యాహ్నం ఏం వండాలో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటున్నారనుకున్నాను. పెళ్ళై పదేళ్ళయినా నాగరత్నమ్మ నా షెడ్డు గడప తొక్కలేదు. వీళ్ళేమో ఇంట్లో పొయ్యి చాలనట్టు గుంతలో కాపురం పెట్టారని ఊరంతా నవ్వించాను. "ధనంజయా, ఈ పొద్దు కూరేంది" అని కేకేస్తే, "అది ఏది చెప్తే అదే అన్నా" అని నవ్వేవాడు. జ్ఞానాంబ కూడా నవ్వేది. ఆమె నవ్వితే షెడ్డులో దుమ్ము కూడా బాగుండేది, ఈ మాట అప్పుడు చెప్పి ఉండాల్సింది.

ఆమె వచ్చాక అతని పనికి వేగం వచ్చింది. మూడు రోజుల పని ఒక్క రోజులో తెమిలేది. కాగితం ముక్కలు చుట్టడం మానేశాడు. చెయ్యి తిరిగిందిలే అనుకున్నాను. అట్లా పదకొండేళ్ళు గడిచాయి.

రెండువేల ఐదులో అనుకుంటాను, ఆమె చేతిలోంచి టీ గ్లాసులు జారడం మొదలైంది. గట్టు మీద పెట్టబోయి గాల్లో పెట్టేది. పట్ట కట్టిన గుంజకు భుజం కొట్టుకునేది. "జ్ఞానమ్మా, కొత్త పెండ్లికూతురు మాదిరి నేల సూసి నడస్తా ఉండావే" అని వెక్కిరించాను. "వయసైపోతా ఉండాది కదన్నా" అంది. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు. అదే ఏడాది ధనంజయ చేసిన పనులు రెండు మూడు తిరిగి వచ్చాయి. ఒక జీపుకు కుడి వైపు వెలగాల్సిన దీపం ఎడమ వైపు వెలిగింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. నేను ఆ కాకినే. లోపల కాస్త సంతోషించానని ఒప్పుకుంటున్నాను.

రెండువేల ఆరు కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. పలమనేరు పక్క నల్లరాతి క్వారీ నుంచి జయరామ్ అనే డ్రైవరు బటన్ రకం బండి తెచ్చాడు. రెండు నెలలు నిలబెట్టేసిన బండి. వెనక సీటు కింద శనక్కాయల మూట మరిచిపోయాడట. ఎలుకలు ముందు కాయలు తిన్నాయి, కాయలు అయిపోయాక వైర్లు తిన్నాయి. ట్రాన్స్‌ఫర్ బాక్సు మోటారుకు పోయే వైర్లకట్ట జానెడు మేర పీచు పీచు అయింది.

నేను పెట్టె కిందికి దించాను. తెగిన చోట ఆ కొసనూ ఈ కొసనూ రంగు చూసి కలపాలి, అంతే పని. మబ్బు కమ్మి షెడ్డులో వెలుతురు తక్కువగా ఉంది. పట్టకు అవతల మామూలు మాటలే వినబడ్డాయి. గుమ్మడి అంది, చింతపండు అంది. తర్వాత ఒకదానికి చాలాసేపు జవాబు రాలేదు.

"చెప్పు" అన్నాడు ధనంజయ.

"వంకాయ" అంది.

సాయంత్రం బండిని జాకీల మీద లేపి బటన్ నొక్కి చూశారు. రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు చక్కగా మారింది. మూడోది లో గేరు ఉంటుంది, నిట్టనిలువు ఎత్తులకు వాడేది. దాన్ని నేలమీద లోడుతోనే చూడాలి. వాన జోరుగా ఉంది, జయరామ్‌కు తొందర. పోయి వస్తానన్నాడు, పోయాడు.

పదో రోజు బండి లారీకి తాళ్ళు కట్టించుకుని వచ్చింది. ముందు భాగం నుజ్జయి ఉంది. జయరామ్ దిగి, ధనంజయ వైపు చూడకుండా నాతో చెప్పాడు.

"క్వారీ ఎత్తులో లో గేరు బటన్ నొక్కినానన్నా. దీపం కొట్టుకునింది. సరే, సూద్దామని బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు సరిగ్గా పట్టదని గేరులో ఏసి దిగినాను. పది అడుగులు నడిచినానో లేదో, అదంతట అదే వెనక్కి జారింది. కింద రాళ్ళ కుప్ప కాడ ఆడోళ్ళు సద్దన్నం తింటా ఉండి, అప్పుడే చేతులు కడుక్కునేకి లేసినారు. లేకుంటే నేను ఈ పొద్దు జైల్లో ఉండేవాణ్ణి."

గేరులో ఉన్న బండి జారిందంటే ట్రాన్స్‌ఫర్ బాక్సు ఎటూ కాకుండా మధ్యలో ఆగిందన్నమాట. అట్లా ఆగితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, గేరు ఎంత వేసినా ఒకటే. మోటారు మధ్యలో ఆగిందంటే సెన్సర్ పంపిన కబురు తప్పయి ఉండాలి. నేనే బండి కిందికి దూరి, ధనంజయ చుట్టిన టేపు బ్లేడుతో కోశాను. కోసి చూసేసరికి నాకు పూనకం వచ్చింది. నీలం వైరు వంకాయ రంగు వైరుకు అతికి ఉంది. వంకాయ రంగుది నీలానికి.

జయరామ్ ఉన్నాడు, లారీవాడు ఉన్నాడు, పక్క టైర్ల అంగడివాళ్ళు నలుగురు మూగి ఉన్నారు. వాళ్ళందరి ముందూ అరిచాను. "కండ్లు యాడ పెట్టుకున్నావు ధనంజయా? ఒగటి వంకాయ రంగు, ఒగటి నీలం. పసిబిడ్డని అడిగినా చెప్తాది. నాలుగు ప్రాణాలు పోయుంటే ఎవురిదప్పా పాపం?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. గట్టున కూర్చున్న జ్ఞానాంబ చేతిలో కత్తి ఆగింది. ధనంజయ నా దగ్గరికి వచ్చి, ఆ వైర్లు రెండూ తీసుకుని, వెలుతురులోకి పోయి చాలాసేపు చూశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత వచ్చి జయరామ్ ముందు చేతులు జోడించాడు. "తప్పు నాదే అబ్బా. తొందరలో కలిపేసినాను" అన్నాడు. జ్ఞానాంబ వైపు చూడలేదు.

మధ్యాహ్నం అన్నాల వేళ పట్ట ఎత్తుకుని నా వైపు వచ్చాడు. పద్నాలుగేళ్ళలో అట్లా వచ్చి నా పనిముట్ల పెట్టె మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"అన్నా, నాకు రంగులు తెలీవు."

నాకు అర్థం కాలేదు.

"పుట్టుకతోనే. ఎరుపూ పచ్చా ఒగటి మాదిరే కనపడతాయి. మట్టిరంగూ అంతే. వంకాయ రంగు నాకు నీలమే. పసుపు తెలుస్తాది, తెలుపు తెలుస్తాది. రైల్వే వాళ్ళు చుక్కల పుస్తకం తెరిచి ఇందులో అంకె ఏంది అన్నారు. నాకు చుక్కలే కనబడినాయి. ఉద్యోగం అట్ల పోయింది. మా నాయనకు కూడా చెప్పలేదు."

"మరి జ్ఞానమ్మకు?"

"పెండ్లైన వారానికే తెలిసిపోయింది. మార్కెట్టుకు పోయి టమాటాలు తెచ్చినాను. పండ్లు అనుకుని తెస్తే సగం కాయలు. నవ్వింది, మళ్ళీ నా మొహం సూసి నవ్వు ఆపేసింది. నలుగురికీ తెలీకూడదని వైర్లకు కూరగాయల పేర్లు పెట్టింది కూడా అదే."

గుమ్మడి అంటే నారింజ రంగు, చింతాకు అంటే పచ్చ, చింతపండు అంటే మట్టిరంగు. మిరపపండు ఎరుపు, మల్లె తెలుపు, శంఖుపువ్వు నీలం. పన్నెండేళ్ళ నా వెక్కిరింతలన్నీ వరసగా గుర్తొచ్చాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అది ఎప్పుడూ తప్పు చెప్పలేదన్నా" అన్నాడు. "ఇప్పుడు చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలుసుకోవాల. నేను వైరు ఎత్తి అడుగుతాను, అది చెప్తాది. ఒప్పో తప్పో నాకు తెలీదు కదా. నువ్వు దాని ఎనకాల నిలబడు. తప్పయితే తలకాయ ఆడించు. నోరు తెరవద్దు."

నన్ను నోరు తెరవద్దని అడగడంలో న్యాయం ఉంది. పోయి ఆమె వెనక నిలబడ్డాను.

అతను పాత వైరు ముక్కలు గుప్పెడు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. "ఇవి ఏరిపెట్టాల. చెప్పు" అన్నాడు. మిరపపండు అంది, సరే. గుమ్మడి అంది, సరే. చింతపండు, సరే. వంకాయ రంగు ముక్క ఎత్తాడు. "శంఖుపువ్వు" అంది. తల ఆడించాను. నీలం ముక్క ఎత్తాడు. "చింతాకు" అంది. పసుపు ముక్క ఎత్తాడు. "మల్లె" అంది. దానికి నా తల అవసరం లేకపోయింది. పసుపు అతనికీ తెలుస్తుంది.

అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అన్నాడు, "వైర్లకు గ్రీజు అంటుకుని ఉండాదిలే." ఒక్కో ముక్కనూ పెట్రోలు గుడ్డతో తుడిచాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అవే జవాబులు. "మబ్బు కదా, ఈడ ఎలుతురు లేదు" అని ఆమె పీట తీసుకుపోయి రోడ్డు పక్కన వేశాడు. కాసేపటికి మబ్బు విడిచి ఎండ పడింది. ఆ ఎండలో అడిగాడు. పసుపును మల్లె అంది. "ముక్కలు మరీ సన్నం" అని చెప్పి బ్యాటరీకి వేసే లావు వైర్లు తెచ్చాడు. నేను తల ఆడించీ ఆడించీ ఇక ఆడించలేక కిందికి చూస్తూ నిలబడ్డాను.

"ఏంది ఇది, పరీక్షా?" అంది జ్ఞానాంబ. నవ్వడానికి ప్రయత్నించింది.

అతను షెడ్డులోంచి ఒక బ్యాటరీ మోసుకొచ్చాడు. కరెంటు చూసే టెస్ట్ లాంపు బ్యాటరీకి తగిలించి వెలిగించాడు. "నేరుగా ఆ ఎదురు గోడను సూడు. దీపం కనపడినప్పుడు చెప్పు" అని, దాన్ని ఆమె చెవి వెనక నుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. చెవి దాటింది. కణత దాటింది. కంటి కొస దాటింది. నాకైతే ఎప్పుడో కనబడి ఉండేది. ఆమె గోడను చూస్తూనే ఉంది. దీపం ముక్కు పక్కకు వచ్చాక, "ఆఁ, ఇదో" అంది. రెండో కన్నుకూ అంతే.

ధనంజయ దీపం ఆర్పేశాడు. వెలుతురు మంచిదే, వైరు మంచిదే, అన్నీ చూసేశాడు. ఇక దేని మీదా నింద వేయడానికి లేదు. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు.

మరునాడు నేనే వాళ్ళిద్దరినీ జీపులో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నీటికాసులు అంది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం మెల్లగా ఎండిపోతుందట. పక్క చూపు ముందు పోతుంది, రంగులు మారిపోతాయి, ఆఖరికి నడిమి చూపు కూడా పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. "ఎప్పటినుంచమ్మా ఇలా ఉంది? ఏడాది ముందు వచ్చి ఉంటే చాలావరకు నిలబెట్టగలిగేవాళ్ళం" అంది.

జ్ఞానాంబ తలవంచుకుంది. "ఏడాదిన్నర అవుతాది. బల్బుల సుట్టూ వలయాలు కనపడేవి. తలకాయ నొప్పి. పక్కనుండేవి కనబడకుండా పోయినాయి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈయన నన్ను ఇంట్లో కూచోబెడతాడమ్మా. నేను లేకుంటే ఈయన పని జరగదు." ధనంజయ ఉన్న చోటికి కాస్త పక్కకు చూస్తూ చెప్పింది. "మొదట్లో రంగులు మసకగా తెలిసేవి. ఆ తర్వాత ఏ వైరు పక్కన ఏది వస్తాదో గ్యాపకం పెట్టుకుని చెప్పేదాన్ని. కొత్త బండ్లు రాకుంటే ఇంకా కొన్నాళ్ళు నెట్టుకొచ్చేదాన్ని."

ధనంజయ లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపు ఆగి నేనూ వెళ్ళాను. సైకిళ్ళు పెట్టే చోట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఓదార్చాలని పోయాను గానీ నాకు ఓదార్చడం రాదు. ఆ వేళప్పుడు నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. అది అడిగేశాను.

"నువ్వు షెడ్డు పెట్టింది తొంభై రెండులో. జ్ఞానమ్మ వచ్చింది తొంభై నాలుగులో. ఆ రెండేండ్లూ రంగులు ఎవురు చెప్పినారప్పా నీకు?"

"మీటరు" అన్నాడు.

కాగితం ముక్కలు గుర్తొచ్చాయి. మూడు రోజుల పని గుర్తొచ్చింది. రంగుతో అవసరమే లేదు, ఈ కొస నుంచి ఆ కొసకు కొలుచుకుంటే ఏ వైరు ఏదో తేలిపోతుంది. ఆలస్యమవుతుంది, అంతే.

"బిడ్డ పోయినాక ఆర్నెల్లు గోడ పక్కకు తిరిగి పండుకునిందన్నా" అన్నాడు. "తినదు. తల దువ్వుకోదు. వాళ్ళమ్మ వచ్చి పిలిచినా పలకలేదు. ఒక పొద్దు నేనే పోయి పక్కన కూచుని చెప్పినాను, నాకు రంగులు తెలీవు, పని చెడిపోతా ఉండాది, నువ్వు రాకుంటే షెడ్డు మూసేయాల్సిందే అని. లేసి కూచునింది. ఆ మరుసటి పొద్దు తల దువ్వుకుని, పీట ఎత్తుకుని వచ్చింది."

పక్కనున్న సైకిలు గంటను బొటనవేలితో రుద్దుతూ మళ్ళీ అన్నాడు.

"అబద్ధమన్నా అది. దాన్ని లేపేకి చెప్పిన అబద్ధం. కొన్నాళ్ళయినాక నిజం చెప్పేద్దామనుకున్నాను. మనసు రాలేదు. గట్టు మీద అది కూచుని ఉంటే నాకు బాగుండేది. అదేమో నిజమనే నమ్మింది. నా పని నిలబడాలని కండ్లు పోతా ఉంటే నోరు మూసుకునింది. నేను ఆ మాట చెప్పకుండా ఉంటే, మొదటి పొద్దు తలనొప్పి వచ్చినప్పుడే చెప్పుండేది కదన్నా."

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ సైకిళ్ళ మధ్య నిలబడి ఏడ్చాను. అతను ఏడవలేదు. జేబులోంచి మందుల చీటీ తీసి, అంగడి ఎటువైపు ఉందని అడిగాడు.

జయరామ్ బండిని ధనంజయ మీటరు పెట్టి, మూడు రోజులు కూర్చుని బాగుచేశాడు. ఇప్పటికీ అది క్వారీలో తిరుగుతోంది.

చుక్కల మందు మూడు పూటలా తనే వేసేవాడు. కొంతకాలం నిలబడింది గానీ రెండువేల తొమ్మిది నాటికి జ్ఞానాంబకు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అయినా షెడ్డుకు వస్తుంది. ధనంజయ చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెడతాడు. గుంతలోంచి వైరు ఎత్తి "ఇది?" అని అడుగుతాడు. ఆమె వేళ్ళతో నలిపి చూస్తుంది. లావు సన్నాలను బట్టి, ఏ పక్కనుంచి వచ్చిందో దాన్ని బట్టి, "చింతాకు" అంటుంది, "గుమ్మడి" అంటుంది. "సరే" అని అతను చప్పుడు కాకుండా మీటరు పెట్టుకుంటాడు, కాగితం ముక్క చుట్టుకుంటాడు. ఒక్క బండికి మూడు రోజులు పడుతుంది. ఆగలేని డ్రైవర్లు వేరే చోటికి పోతున్నారు. నిజం ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పమని అడిగే ధైర్యం నాకూ లేదు.

మొన్న ఆయుధపూజకు ముందు ధనంజయ బోల్టుల కోసం అంగడికి పోయాడు. నేను పట్ట పక్కన గేరు చక్రాలు కడుగుతున్నాను. నా చప్పుడు గుర్తుపట్టి పిలిచింది.

"బాలచంద్రన్నా, ఒక మాట. నేను చెప్పేవి సరిగ్గా ఉండాయా? ఆయన ఎప్పుడూ సరే అనే అంటాడు. నా మనసు నొచ్చుకుంటాదని అంటాడేమో. నీకు మొగమాటం లేదు, ఉండేది మొహం మీదే చెప్తావు. నేను లేకుంటే ఆయన పని జరగదు కదన్నా. అందుకే అడుగుతా ఉండాను." ఒడిలోంచి ఒక వైరు తీసి నా వైపు పట్టుకుంది. "ఇది వంకాయే కదా?"

ఎర్ర వైరు అది. మిరపపండంత ఎర్రగా ఉంది.

"వంకాయే జ్ఞానమ్మా" అన్నాను.

ఆమె దాన్ని జాగ్రత్తగా ఒక పక్కన పెట్టి, ఇంకో వైరు చేతిలోకి తీసుకుంది.